ఫొటో సందేహాలు – సమాధానాలు: బ్లాక్ అండ్ వైట్ పోర్ట్రెయిట్‌కు వెలుగు, ఎడిటింగ్

ఈ నెల అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్లాక్ అండ్ వైట్ పోర్ట్రెయిట్ల గురించే కావడంతో శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాం. ఒకే సందేహాన్ని ఇద్దరు ముగ్గురు అడిగిన చోట అన్నింటినీ కలిపి ఒకే ప్రశ్నగా ఇచ్చాం.

ప్రశ్న: రంగుల్లో చూస్తే బాగానే ఉన్న ఫొటో, రంగు తీసేయగానే చప్పబడిపోతోంది. మనిషి వెనకనున్న చెట్లలో కలిసిపోతున్నాడు. కాంట్రాస్ట్ పెంచితే నుదుటి మీద తెల్ల మచ్చలు పడుతున్నాయే తప్ప ఫొటో బాగుపడటం లేదు. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

జవాబు: లోపం ఎడిటింగ్‌లో కాదు, ఫొటో తీసిన చోటే ఉంది. ఎర్ర చొక్కా తొడుక్కున్న మనిషి పచ్చని ఆకుల ముందు నిలబడితే మన కంటికి ఆ ఇద్దరి మధ్య ఎంతో తేడా కనిపిస్తుంది, కానీ ఆ తేడా రంగులో ఉన్నదే గాని వెలుగులో ఉన్నది కాదు. రంగును బూడిద ఛాయగా మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ మూడు రంగులకూ సమాన విలువ ఇవ్వదు. చాలాకాలంగా వాడుకలో ఉన్న ఒక సూత్రం ప్రకారం ఎరుపులో 29.9 శాతం, ఆకుపచ్చలో 58.7 శాతం, నీలంలో 11.4 శాతం తీసుకుని కలుపుతుంది. చొక్కా మీద ఒక బిందువులో ఎరుపు 200, ఆకుపచ్చ 60, నీలం 60 ఉన్నాయనుకుందాం. లెక్క కడితే 102 వస్తుంది. వెనక ఆకు మీద ఎరుపు 60, ఆకుపచ్చ 130, నీలం 60 ఉంటే 101 వస్తుంది. 256 మెట్లున్న కొలబద్ద మీద ఆ రెండింటి మధ్య తేడా ఒక్క మెట్టు మాత్రమే అయినప్పుడు, కాంట్రాస్ట్ స్లైడర్‌ను ఎంత లాగినా అవి విడిపోవు. మధ్యలో నుదురూ ముక్కుకొనా మాత్రం తెల్లబారిపోతాయి. చొక్కానూ ఆకునూ తర్వాత రంగు స్లైడర్లతో కొంతవరకు విడదీయవచ్చు. కాని చర్మానికీ, మట్టి రంగు గోడకూ మధ్య రంగులోనే పెద్ద తేడా లేనప్పుడు ఆ దారి కూడా మూసుకుపోతుంది.

అందువల్ల రంగు చేసే పనిని ముందే వెలుగు చేత చేయించుకోవాలి. మనిషిని చెట్లకు దూరంగా, వెలుగు పడే చోటికి తీసుకువచ్చి, వెనకనున్న ఆకులు నీడలో ఉండేలా మీరు నిలబడే కోణాన్ని మార్చుకుంటే ముఖం దానంతటదే ముందుకు వస్తుంది. జుట్టు నల్లగా ఉంటే దాని వెనక భాగం కాస్త లేతగా ఉండాలి, లేదా జుట్టు అంచు మీద వెనకనుంచి కొంత వెలుగు పడాలి. కెమెరాలో పిక్చర్ స్టైల్‌ను మోనోక్రోమ్‌గా (బ్లాక్ అండ్ వైట్‌గా) పెట్టి రా ఫైల్‌లో, అంటే కెమెరా నమోదు చేసిన సమాచారాన్ని ముడిగా దాచే ఫైల్‌లో, తీయడం అలవాటు చేసుకోండి. తెర మీద బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో కనిపిస్తుంది గనక కలిసిపోతున్న ఛాయలు అక్కడికక్కడే తెలిసిపోతాయి. రా ఫైల్‌లో మాత్రం రంగుల సమాచారమంతా భద్రంగానే ఉంటుంది. జెపెగ్‌లో మోనోక్రోమ్‌గా తీస్తే ఆ రంగులు ఇక తిరిగి రావు.

ప్రశ్న: నా దగ్గర లైట్లు లేవు, ఒక గది, ఒక కిటికీ ఉన్నాయి. వీటితో లోతున్న పోర్ట్రెయిట్ తీయడం సాధ్యమేనా? మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలి?

జవాబు: సాధ్యమే. నిజానికి నేర్చుకోవడానికి ఇంతకు మించిన ఏర్పాటు లేదు, ఎందుకంటే ఒక్క వెలుగే ఉన్నప్పుడు ఏ నీడ ఎక్కడినుంచి వచ్చిందో స్పష్టంగా తెలుస్తుంది. ముందుగా గదిలోని లైట్లన్నీ ఆర్పేయండి. బ్లాక్ అండ్ వైట్‌లో రంగు తేడా కనిపించదు గదా అని చాలామంది వాటిని అలాగే వదిలేస్తారు, కాని పైకప్పు లైటు కళ్ల కింద కొత్త నీడలు పుట్టిస్తుంది, కిటికీ ఇచ్చే నీడలను చెరిపేస్తుంది. ఎండ నేరుగా లోపలికి పడుతుంటే పలుచని తెల్ల బట్టను కిటికీకి అడ్డంగా కట్టండి. అప్పుడు ఆ బట్టే పెద్ద దీపమవుతుంది.

కిటికీకి ఎదురుగా కూర్చోబెడితే ముఖం పళ్లెంలా చదునుగా వస్తుంది, కిటికీకి వీపు పెట్టిస్తే ఆకారం మాత్రమే మిగులుతుంది. కిటికీ మనిషికి ఒక పక్కన, ముఖం కన్నా కొంచెం ముందుకు ఉండేలా కుర్చీ వేయండి. కుర్చీ కిటికీకి దగ్గరగా ఉంటే నీడల అంచులు మెత్తగా ఉంటాయి గాని, వెలుగున్న చెంపకూ అవతలి చెంపకూ మధ్య తేడా ఎక్కువవుతుంది. కుర్చీని వెనక్కి జరిపే కొద్దీ ఆ తేడా తగ్గుతుంది, నీడల అంచులు మాత్రం గట్టిపడతాయి. దూరం పెరిగితే అన్నీ మెత్తబడతాయనుకోవడం పొరపాటు.

ఇక్కడినుంచి చూడవలసింది ముక్కు నీడను. ముఖాన్ని కిటికీ వైపు తిప్పమన్నప్పుడు ఆ నీడ చిన్నదిగా ముక్కు పక్కనే ఉంటుంది. ముఖాన్ని నెమ్మదిగా కిటికీ నుంచి దూరంగా తిప్పిస్తూ ఉంటే నీడ పొడవు పెరిగి, పెదవి మూలకు దిగి, చివరికి అవతలి చెంప నీడతో కలుస్తుంది. కలిసిన ఆ క్షణంలో నీడ వైపు కంటి కింద ఒక చిన్న వెలుగు త్రికోణం మిగులుతుంది. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ పేరుతో దీన్ని రెంబ్రాంట్ లైటింగ్ అంటారు. ఆ త్రికోణం కంటి వెడల్పు దాటకుండా, ముక్కు కన్నా కిందికి దిగకుండా ఉంటే చక్కగా ఉంటుందని చెబుతారు. ఇంకా తిప్పితే త్రికోణం మాయమై ముఖం సగం వెలుగు, సగం చీకటి అవుతుంది. అదీ ఒక పద్ధతే, కాని అందరి ముఖానికీ నప్పదు. గుండ్రని ముఖానికి నీడ ఆకారాన్నిస్తుంది. ఎముకలు తేలిన ముఖానికి అదే నీడ వయసు పెంచేస్తుంది.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. కిటికీ నేలదాకా ఉంటే వెలుగు కింది నుంచి కూడా వస్తుంది. గడ్డం కిందా ముక్కు రంధ్రాల్లోనూ వెలుగు చేరి ముఖం వింతగా తయారవుతుంది. కిటికీ కింది భాగాన్ని, కూర్చున్న మనిషి గడ్డం ఎత్తు వరకు, దళసరి దుప్పటితో మూసేయండి. వెలుగు ఇప్పుడు కంటి ఎత్తునుంచి, ఆపైనుంచి మాత్రమే వస్తుంది. కంటిపాపలో మెరిసే చుక్క పై భాగానికి చేరిందంటే వెలుగు సరైన ఎత్తులో ఉన్నట్టే. రెండు కళ్లలోనూ ఆ చుక్క కనిపించాలి. నీడ వైపు కంట్లో అది లేకపోతే ముఖాన్ని ఒక్క వెంట్రుకవాసి కిటికీ వైపు తిప్పించండి.

నీడ ఎంత చిక్కగా ఉండాలన్నది మీ చేతిలోని పని. నీడ వైపు తెల్లని థర్మోకోల్ షీటు నిలబెడితే నీడ పలుచనవుతుంది. నల్ల బట్ట వేలాడదీస్తే తెల్లగోడల నుంచి తిరిగి వచ్చే వెలుగును అది మింగేసి నీడ చిక్కనవుతుంది. రంగుల ఫొటోలకు అలవాటుపడిన వాళ్లు తెల్ల షీటును వెంటనే అందుకుంటారు, నల్ల బట్ట సంగతి ఆలోచించరు. తెల్లగోడలున్న చిన్న గదిలో తీసే బ్లాక్ అండ్ వైట్‌కు నా మాటగా చెప్పాలంటే నల్ల బట్టే ఎక్కువ మేలు చేస్తుంది. కొలవాలనుకుంటే వెలుగున్న చెంపకు దగ్గరగా వెళ్లి ఫ్రేమంతా అదే నిండేలా పెట్టి కెమెరా ఏ షట్టర్ చూపిస్తుందో చూడండి, తర్వాత అపర్చర్, ఐఎస్‌ఓ మార్చకుండా నీడ చెంపను చూడండి. వెలుగు రెట్టింపు కావడాన్ని గాని సగం కావడాన్ని గాని ఒక స్టాపు అంటారు. మొదటిది 1/125, రెండోది 1/30 అయితే తేడా రెండు స్టాపులు, అంటే 4:1. ఒక స్టాపు తేడా అయితే 2:1, మూడు స్టాపులైతే 8:1. సున్నితమైన పోర్ట్రెయిట్‌కు 2:1 సరిపోతుంది, గంభీరంగా కావాలంటే 4:1 దాకా నిశ్చింతగా వెళ్లవచ్చు, 8:1కు వెళ్లేముందు మాత్రం నీడలో ఏమీ కనిపించకపోయినా పర్వాలేదా అని ఆలోచించుకోండి.

ప్రశ్న: ఒక ఫ్లాష్, దాని వెలుగును మెత్తబరిచే బట్టపెట్టె, అంటే సాఫ్ట్‌బాక్స్, కొన్నాను. నల్ల తెర లేదు, వెనక ఉన్నది తెల్లగోడ. వెనక భాగం నల్లగా రావాలంటే ఎడిటింగ్‌లో కత్తిరించడమేనా?

జవాబు: కత్తిరించనక్కర్లేదు, దూరాలు మార్చుకుంటే చాలు. చిన్న వెలుగు మూలం నుంచి దూరం రెట్టింపైతే అందే వెలుగు నాలుగో వంతు అవుతుంది, అంటే రెండు స్టాపులు తగ్గుతుంది. సాఫ్ట్‌బాక్స్ ముఖానికి ఒక మీటరు దూరంలో, గోడ ముఖానికి మూడు మీటర్ల వెనక ఉంటే, గోడ లైటుకు నాలుగు మీటర్ల దూరంలో ఉన్నట్టు. దానికి అందేది పదహారో వంతు, నాలుగు స్టాపులు తక్కువ. ముఖానికి సరిపడా ఎక్స్‌పోజర్ పెట్టినప్పుడు తెల్లగోడ ముదురు బూడిదగా మారిపోతుంది. సాఫ్ట్‌బాక్స్‌ను కాస్త పక్కకు తిప్పి వెలుగు గోడ మీదకు పోకుండా చేస్తే ఇంకా నల్లబడుతుంది. అదే లైటును ముఖానికి మూడు మీటర్ల దూరం పెట్టి, మనిషిని గోడకు ఒక మీటరు దగ్గర నిలబెడితే గోడకూ ముఖానికీ మధ్య ఒక స్టాపు తేడా కూడా ఉండదు. పెద్ద సాఫ్ట్‌బాక్స్‌ను మరీ దగ్గరగా పెట్టినప్పుడు ఈ లెక్క కచ్చితంగా కుదరదు గాని, ఏ వైపు జరపాలో తెలుసుకోవడానికి సరిపోతుంది. గదిలో ఉన్న మామూలు వెలుగు ఫొటోలోకి రాకుండా, ఫ్లాష్ లేకుండా ఒకసారి తీసి ఫ్రేమంతా నల్లగా వస్తుందో లేదో చూసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారిది బాగా నల్లని ఛాయ. ఎక్కడ ఫొటో తీయించినా ఆయన్ను తెల్లగా చేసి ఇస్తున్నారు. నేను తీస్తే ముఖంలో వివరాలన్నీ నల్లని ముద్దగా కలిసిపోతున్నాయి. ఆయన ఛాయ అలాగే ఉండాలి, ముఖమూ కనిపించాలి. ఎలా?

జవాబు: మీ పట్టుదల సరైనది. ఛాయను మార్చి ఇవ్వడం ఎడిటింగ్ కిందికి రాదు, వేరే మనిషిని తయారుచేయడం కిందికి వస్తుంది. ఇక ఎలాగన్నది చూద్దాం. లేత ఛాయ చర్మంలో ముఖాకృతిని మనకు తెలియజేసేది నీడలు. ముదురు ఛాయ చర్మంలో ఆ పని చేసేది మెరుపులు. ముదురు చర్మం తన మీద పడిన వెలుగులో ఎక్కువ భాగాన్ని లోపలికి తీసుకుంటుంది, కాని పైపొర మీది తళుకు మాత్రం లేత చర్మం మీద ఎంతో ఇక్కడా దాదాపు అంతే ఉంటుంది. అందుకే ఎదురుగా గట్టి ఫ్లాష్ వేస్తే నుదుటి మీద ఒక తెల్ల చుక్క, చుట్టూ నలుపు మిగులుతాయి. దానికి విరుగుడు వెలుగు బలం పెంచడంలో లేదు, వెలుగు పరిమాణం పెంచడంలో ఉంది. పెద్ద కిటికీనో, పెద్ద సాఫ్ట్‌బాక్స్‌నో పక్కకు, అవసరమైతే ముఖానికి కొంచెం వెనక్కి కూడా జరిపి, దాని ప్రతిబింబం చెంప ఎముక మీద, ముక్కు దూలం మీద, దవడ అంచున మెత్తని పట్టీలా కనిపించే చోట ఆపండి. అవతలి వైపు తెల్ల షీటు పెడితే దాని ప్రతిబింబం రెండో చెంపకు ఆకారమిస్తుంది. పౌడర్ అసలు వద్దు. మనకు కావలసిన తళుకును అది చంపేస్తుంది. చర్మం మరీ పొడిబారి ఉంటే కాస్త మాయిశ్చరైజర్ రాయండి.

ఎక్స్‌పోజర్‌లో రెండు ఉచ్చులున్నాయి. కెమెరా మీటరు తనకు కనిపించినదాన్ని మధ్యస్థమైన బూడిదగా చూపాలని చూస్తుంది. మీ నాన్నగారు తెల్ల చొక్కా వేసుకుంటే కెమెరా ఆ తెలుపును చూసి వెలుగు తగ్గిస్తుంది, ముఖం ఇంకా నల్లబడుతుంది. నల్ల కోటు వేసుకుంటే వెలుగు పెంచేసి ముఖాన్ని పాలిపోయేలా చేస్తుంది. కాబట్టి మీటరును స్పాట్‌లో పెట్టి చెంప మీదనే కొలవండి. 1939–40 ప్రాంతంలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే ఫొటోగ్రాఫర్లు రూపొందించిన జోన్ పద్ధతి నలుపు నుంచి తెలుపు దాకా ఛాయలను ఒక్కో స్టాపు తేడాతో జోన్లుగా విడదీస్తుంది. అందులో 18 శాతం వెలుగును తిప్పికొట్టే బూడిద ఐదో జోన్. తెల్లవారి చర్మాన్ని ఆరో జోన్‌లో ఉంచమని ఆ పద్ధతి చెబుతుంది, ఆ అంకెనే అందరికీ వర్తింపజేయడం వల్ల చాలా అనర్థం జరిగింది. గోధుమ ఛాయకు ఐదో జోన్, బాగా ముదురు ఛాయకు నాలుగో జోన్ సహజంగా ఉంటాయి, అంటే మీటరు చెంపను చూసి చెప్పినదానికన్నా ఒక స్టాపు తగ్గించడం. అయితే ఇది చివరికి కనిపించవలసిన ఛాయ. రా ఫైల్‌లో తీసేటప్పుడు మెరుపులు తెగిపోనంతవరకు ఎక్కువ వెలుగునే ఇచ్చి, ఆ ఒక స్టాపును ఎడిటింగ్‌లో తగ్గించుకోండి. తక్కువగా తీసి పైకి లాగితే నీడల్లో నాయిస్, అంటే ఇసుకరేణువుల్లాంటి చుక్కలు, తేలుతుంది. ఎక్కువగా తీసి కిందికి దించితే నీడలు శుభ్రంగా ఉంటాయి.

వెనక భాగం నలుపు కాకుండా ముఖం నీడ వైపు కన్నా కొద్దిగా లేతగా ఉండేలా చూసుకోండి, తల అంచు దానంతటదే విడివడుతుంది. ఎడిటింగ్‌లో ఛాయలను లేతగా, ముదురుగా మార్చే గీతను, అంటే కర్వ్‌ను, మొత్తంగా పైకెత్తవద్దు. చర్మం ఉన్న భాగాన్నే ఎంచుకుని దానిలోని మెరుపులను ఒక పిసరు పెంచి, నీడలను అలాగే వదిలేస్తే ముఖం తేటపడుతుంది, ఛాయ మారదు.

ప్రశ్న: ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో బ్లాక్ అండ్ వైట్‌కు మార్చాక ఎరుపు, ఆరెంజ్, పసుపు, నీలం అని స్లైడర్లు వస్తున్నాయి. ముఖానికి ఏవి కదపాలి?

జవాబు: మనిషి చర్మం ఏ ఛాయదైనా దాని రంగు ఎరుపు, ఆరెంజ్, పసుపు మధ్యలోనే ఉంటుంది. ఆరెంజ్ స్లైడర్ పెంచితే చర్మం లేతబడి మచ్చలు మెత్తబడతాయి. తగ్గిస్తే చర్మం ముదిరి గరుకుదనం తేలుతుంది. ఎరుపు స్లైడర్ ముఖ్యంగా పెదవుల మీద, మొటిమల మీద, ఎర్రబారిన చెంపల మీద పనిచేస్తుంది. దాన్ని పెంచితే మొటిమలు మాయమవుతాయి, వాటితోపాటు పెదవులు కూడా చర్మంలో కలిసిపోతాయి. ఆరెంజ్‌ను కొద్దిగా పెంచి ఎరుపును అక్కడే ఉంచడం చాలా ముఖాలకు కుదురుతుంది. వయసు మళ్లిన ముఖంలో గీతలు, గరుకు గడ్డం కనిపించాలంటే దీన్ని తిరగేయవచ్చు.

ఈ స్లైడర్ల వెనక పాత చరిత్ర ఉంది. తొలినాటి ఫొటో ప్లేట్లు నీలానికి మాత్రమే స్పందించేవి. 1873లో హెర్మన్ ఫోగెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్లేటు మీది పూతలో రంగు పదార్థాలు కలిపితే ఆకుపచ్చకు కూడా స్పందిస్తుందని కనుగొన్నాడు. ఆ దారిలో వచ్చిన ఆర్థోక్రోమాటిక్ ప్లేట్లకు ఎరుపు మాత్రం కనిపించేది కాదు. అందుకే వాటితో తీసిన ముఖాల్లో పెదవులు నల్లగా, చర్మం ముదురుగా, చిన్న మచ్చ కూడా స్ఫుటంగా ఉంటాయి. అన్ని రంగులకూ స్పందించే పాంక్రోమాటిక్ ప్లేట్లు 1906లో ఇంగ్లండులో అమ్మకానికి వచ్చాయి. పాత ఫొటోల్లోని ఆ కరకుదనం మీకు కావాలంటే ఎరుపు, ఆరెంజ్ రెండింటినీ తగ్గించి, నీలం, ఆకుపచ్చల మీద ఆధారపడండి. కాని ఒక హెచ్చరిక: పసుపు రంగు బల్బు వెలుగులో తీసిన ఫొటోలో నీలం చానెల్‌కు వెలుగు చాలా తక్కువగా చేరుతుంది, నాయిస్ అంతా అక్కడే ఉంటుంది, దాన్ని ముందుకు తెస్తే చర్మమంతా ఇసుక చల్లినట్టుగా వస్తుంది. ఏ స్లైడర్‌నైనా చివరిదాకా లాగితే దవడ, జుట్టు అంచుల్లో తెల్లని గీతలు పుడతాయి. 100 శాతం జూమ్‌లో ఆ అంచులను చూసి, గీత కనిపించడం మొదలైన చోటినుంచి కొంత వెనక్కి రండి. వైట్ బ్యాలెన్స్ మారితే ఈ స్లైడర్ల ఫలితం కూడా మారుతుంది గనక దాన్ని ముందే సరిచేసుకోండి.

ప్రశ్న: మొహాన్ని నున్నగా చేసే యాప్‌లు వాడితే ప్లాస్టిక్ బొమ్మలా వస్తోంది. వాడకపోతే మచ్చలన్నీ కనిపిస్తున్నాయి. మధ్యేమార్గం లేదా?

జవాబు: ఉంది, కాని దానికి యాప్ కన్నా ఓపిక ఎక్కువ కావాలి. నున్నగా చేసే పరికరం మచ్చనూ చర్మరంధ్రాన్నీ ఒకేలా చూసి రెండింటినీ తుడిచేస్తుంది. రంగుల ఫొటోలో చర్మం రంగు మిగిలి కొంత కప్పిపుచ్చుతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో చర్మానికి ఉన్నదల్లా దాని పైపొర నేతే, అది పోతే మిగిలేది ఖాళీ బూడిద. కాబట్టి ముందు వారం పది రోజుల్లో పోయేవాటిని, అంటే మొటిమ, గీరుడు, పగిలిన పెదవి పొర లాంటివాటిని హీలింగ్ బ్రష్‌తో ఒక్కొక్కటిగా తీసేయండి. పుట్టుమచ్చ, పాత గాటు, నవ్వుగీతలు మనిషివి. ఆయనో ఆవిడో అడిగితే తప్ప వాటి జోలికి పోవద్దు.

తర్వాతది డాడ్జ్, బర్న్. చీకటిగదిలో ప్రింటు వేసేటప్పుడు కొన్ని చోట్ల వెలుగును చేతితో అడ్డి లేతగా, కొన్ని చోట్ల ఎక్కువ వెలుగిచ్చి ముదురుగా చేసే పద్ధతినే ఇప్పుడు తెర మీద చేస్తున్నాం. ఫొటోషాప్‌లో కొత్త లేయర్ తీసుకుని 50 శాతం బూడిదతో నింపి, దాని బ్లెండ్ మోడ్‌ను సాఫ్ట్ లైట్‌లో పెట్టండి. బూడిద కనిపించకుండా పోతుంది. ఇప్పుడు అంచు మెత్తగా ఉన్న బ్రష్‌ను తీసుకుని, ఫ్లో (బ్రష్ ఒక్కసారికి వదిలే రంగు మోతాదు) 2 నుంచి 5 శాతం మధ్య ఉంచి, లేతగా చేయాల్సిన చోట తెలుపుతో, ముదురుగా చేయాల్సిన చోట నలుపుతో రాయండి. ఒక్కసారి రాస్తే ఏమీ జరగనట్టే ఉండాలి. నాలుగైదుసార్లు రాస్తేనే తేడా తెలియాలి. కళ్ల కింది గుంటను చెరిపేయకుండా దాని చిక్కదనాన్ని సగానికి తగ్గించండి. చెంప మీద మరక మరకలుగా ఉన్న ఛాయలను పక్కనున్న ఛాయలో కలపండి. అలా చేసినప్పుడు చర్మరంధ్రాలు అలాగే ఉంటాయి, మరక మాత్రమే పోతుంది.

చర్మం పని అయ్యాక ముఖాకృతి పని. వెలుగు ఎక్కడ పడిందో అక్కడే ఇంకొంచెం పెంచాలి, నీడ ఉన్నచోటే ఇంకొంచెం ముదరాలి. వెలుగు ఎడమనుంచి వస్తున్నప్పుడు కుడి చెంపను లేతగా చేస్తే, చూసేవాడికి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని తోస్తుంది. కంటిపాప కింది సగాన్ని, అంటే మెరుపు చుక్కకు ఎదురుగా ఉన్న భాగాన్ని, కాస్త తేటపరిస్తే చూపు నిలుస్తుంది. కంటి తెల్లగుడ్డును మాత్రం దాదాపుగా ముట్టుకోవద్దు. అది గుండ్రనిది, అంచుల్లో సహజంగా నీడ ఉంటుంది. దాన్ని చదునైన తెలుపుగా చేయడం కొత్తగా ఎడిటింగ్ నేర్చుకున్నవారి చేతిముద్ర లాంటిది. మధ్యమధ్యలో ఫొటోను చిన్నది చేసి చూడండి. పెద్దదిగా చూస్తూ గంటసేపు చేసిన పని, చిన్నదిగా చూసినప్పుడు ముఖం మీద మురికిలా కనిపించడం మామూలే. లేయర్ ఒపాసిటీని సగానికి తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ప్రశ్న: కళ్లద్దాల్లో సాఫ్ట్‌బాక్స్ ప్రతిబింబం పడుతోంది. అద్దాలు తీయించేయాలా?

జవాబు: రోజూ అద్దాలు పెట్టుకునే మనిషికి వాటిని తీయిస్తే ముక్కు మీద నొక్కులు, కళ్లలో తడబాటు కనిపిస్తాయి; తీయించవద్దు. వెలుగు ఏ కోణంలో అద్దాన్ని తాకుతుందో అదే కోణంలో తిరిగి వస్తుంది గనక, లైటును ఇంకా పైకి, ఇంకా పక్కకు జరిపితే ప్రతిబింబం కెమెరాను తప్పించుకుపోతుంది. చాలకపోతే అద్దాల కాళ్లను చెవుల మీద కొద్దిగా పైకెత్తించండి. అద్దం ముందుకు వాలుతుంది, ఫొటోలో ఆ తేడా తెలియదు.

ప్రశ్న: చేతులు గడ్డం దగ్గర పెట్టించి తీస్తే చూపు ముఖం మీదకు పోకుండా చేతుల మీదకే పోతోంది. కారణమేమిటి?

జవాబు: చేతులు కెమెరాకు దగ్గరగా ఉండి పెద్దవిగా కనిపించడం ఒక కారణం, లైటుకు కూడా దగ్గరగా ఉండి ముఖం కన్నా ఎక్కువ వెలుగు అందుకోవడం రెండోది. బ్లాక్ అండ్ వైట్‌లో చూపు ముందుగా అన్నిటికన్నా లేతగా ఉన్నచోటికే వెళ్తుంది. 1941 డిసెంబరు 30న ఒట్టావాలో చర్చిల్ ఫొటో తీసి పేరుపొందిన యూసఫ్ కార్ష్ చేతులకు విడిగా వెలుగు ఇచ్చేవాడు; అంటే ముఖానికెంత, చేతులకెంత అన్నది ఆయన విడివిడిగా నిర్ణయించుకునేవాడన్నమాట. మీకు ఒకటే లైటుంటే, లైటుకూ చేతులకూ మధ్య చిన్న నల్ల అట్టను అడ్డుపెట్టండి. ముఖం కన్నా చేతులు ఒక స్టాపు తక్కువలో ఉంటే చూపు ముఖానికి వెళ్లి తర్వాత చేతుల మీదకు దిగుతుంది. చేతి వెనక వైపు కాకుండా పక్క అంచు కెమెరాకు కనిపించేలా తిప్పించినా అవి చిన్నవవుతాయి.

ప్రశ్న: ముఖం వెనక నలుపు నుంచి బూడిదకు మారే చోట చారలు పడుతున్నాయి. అలాగే తెర మీద బాగున్న ఫొటో ప్రింటులో చీకటిగా, ఒక్కోసారి కాస్త ఆకుపచ్చగా వస్తోంది. వీటికి పరిష్కారం చెప్పండి.

జవాబు: చారలకు కారణం మెట్లు తక్కువ కావడం. జెపెగ్ ఎనిమిది బిట్ల ఫైలు. బ్లాక్ అండ్ వైట్‌లో మూడు చానెళ్ల విలువా ఒకటే గనక మొత్తం 256 బూడిద ఛాయలే ఉంటాయి. వాటిలో ఒక చిన్న భాగాన్ని కర్వ్‌తో సాగదీస్తే మెట్ల మధ్య ఖాళీలు బయటపడతాయి. 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 మెట్లుంటాయి. రా నుంచి 16 బిట్ల ఫైలుగా తెరిచి, ఎడిటింగ్ అంతా అందులోనే చేసి, జెపెగ్‌ను ఆఖరున మాత్రమే తయారుచేయండి. అయినా లీలగా చారలుంటే కొద్దిగా గ్రెయిన్ కలపండి, అవి విరిగిపోతాయి. గ్రెయిన్‌ను షార్పెనింగ్ తర్వాతే కలపాలి. ముందు కలిపితే షార్పెనింగ్ ఆ గింజలనే పదునుపెట్టి చర్మాన్ని గరుకుగా చేస్తుంది.

ప్రింటు చీకటిగా రావడానికి ఎక్కువసార్లు కారణం తెర వెలుగే. తెర పూర్తి వెలుగులో ఉంచి ఎడిట్ చేస్తే నీడల్లోని వివరాలన్నీ కనిపిస్తాయి, మీరు వాటిని అక్కడే వదిలేస్తారు. కాగితానికి మాత్రం సొంత వెలుగు లేదు. తెరను చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్యకు తగ్గించి, దాని పక్కన ఒక పాత ప్రింటు పెట్టి పోల్చుకోండి. మ్యాట్ కాగితం మీద నలుపు గ్లాసీ కాగితం మీదంత చిక్కగా రాదు. అందువల్ల మ్యాట్ మీద వేయించేటప్పుడు ప్రింటరు, కాగితాల ప్రొఫైల్‌తో సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే చూపే నమూనా) చూసి, నీడలను కాస్త తెరిచి పంపండి. ఆకుపచ్చ ఛాయ సంగతికి వస్తే, చాలా ప్రింటర్లు బూడిదను నల్ల సిరాతో మాత్రమే కాకుండా రంగు సిరాలను కూడా కలిపి తయారుచేస్తాయి. ఆ కలయికలో చిన్న తేడా వచ్చినా, చూసే చోట వెలుగు మారినా ఏదో ఒక రంగు తొంగిచూస్తుంది. లేత బూడిద సిరాలు విడిగా ఉన్న ప్రింటరుపై, దాని బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లో వేయించండి. అది దొరకనప్పుడు ఫొటోకు మీరే కొద్దిపాటి వెచ్చని ఛాయ ఇచ్చి పంపడం మంచిది. ఆ వెచ్చదనంలో చిన్న రంగు తేడాలు కంటికి ఆనవు. మొత్తం సైజుకు ముందు ముఖం ఉన్న భాగాన్ని మాత్రం కత్తిరించి చిన్న కాగితం మీద ఒక నమూనా వేయించుకుని, దాన్ని గోడకు తగిలించబోయే చోటనే, అక్కడుండే వెలుగులోనే పెట్టి చూడండి.